మొన దగ్గర తెలుస్తుంది: పూల్ క్యూలో సంప్రదాయం ఎంత, మన అభిరుచి ఎంత
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు క్యూలు, అంటే పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రలు, పెట్టాను. రెండూ నావే, రెండూ చెప్పి చేయించుకున్నవే. కుడివైపున ఉన్నది మొదట చేయించుకున్నది. ఎడమవైపుది దానికి పదేళ్ల తర్వాతది. సభ మొదలవకముందు మీలో కొందరు దగ్గరికి వచ్చి చూశారు. చాలామంది కుడివైపు దాని దగ్గరే ఆగిపోయారు. అది సహజం. దాని మీద ఎనిమిది మొనలు, అంటే సూదిగా పైకి సాగే కొయ్య కోరలు, లెక్కపెట్టడానికి ఓపిక కావలసినన్ని ముత్యపు చిప్ప ముక్కలు, వెడల్పాటి వెండి వలయాలు ఉన్నాయి. ఎడమవైపు దాని మీద నాలుగు మొనలు, వాటి చుట్టూ రెండు రంగుల పొరలు, అంతే. నేను ఆడేది ఎడమవైపు దానితో. ఎందుకన్నది చెప్పాలంటే ముందు ఆ నాలుగు మొనలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పూల్ క్యూ మామూలుగా 58 అంగుళాల పొడవుంటుంది. మధ్యలో మర ఉంటుంది, ఆ చోటే జాయింటు, విప్పితే రెండు ముక్కలు. ముందు ముక్క షాఫ్ట్. సంప్రదాయంగా గట్టి మేపుల్ కొయ్య. దాని కొసన ఫెరూల్ అనే చిన్న తొడుగు, దాని మీద తోలు టిప్పు. వెనక ముక్క బట్. చెయ్యి పట్టే చోట చుట్టిన దారాన్నో తోలునో ర్యాప్ అంటారు. జాయింటుకీ ర్యాప్‌కీ నడుమ ఉన్న భాగం ఫోర్‌ఆర్మ్. ర్యాప్ కింద ఉన్నది బట్ స్లీవ్. బరువు ఎక్కువగా 18 నుంచి 21 ఔన్సుల మధ్య. క్యూ చేసేవాడి కళంతా ఈ వెనక ముక్క మీదే కనిపిస్తుంది. ఆటకు పనికొచ్చే కష్టమంతా ముందు ముక్కలో ఉంటుంది.

ప్రపంచ పూల్ సమాఖ్య నియమావళిలో క్యూ గురించి ఉన్న ముఖ్యమైన కొలతలు మూడు. పొడవు 40 అంగుళాలకు తగ్గకూడదు, బరువు 25 ఔన్సులకు మించకూడదు, టిప్పు వెడల్పు 14 మిల్లీమీటర్లు దాటకూడదు. మొనలు ఎన్ని ఉండాలి, రంగులు ఏవి ఉండాలి, వలయాలు ఎక్కడ రావాలి అని ఎక్కడా రాసి లేదు. అయినా ‘సంప్రదాయ క్యూ’ అనగానే ఈ వ్యవహారం తెలిసిన ప్రతివాడి కళ్లముందూ ఒకే బొమ్మ వస్తుంది. లేత మేపుల్ ఫోర్‌ఆర్మ్, అందులోకి ఎగబాకిన నాలుగు నల్లని మొనలు, వాటి అంచుల్లో రంగు పొరలు, ఐరిష్ లినెన్ దారపు ర్యాప్, స్టీలు జాయింటు, వెనక కొసన బట్ క్యాప్ అనే తెల్లని మూత. రాయని శాసనం ఇంత గట్టిగా ఎలా నిలిచింది?

దాని మూలం అమెరికాలో, అదీ మామూలు పూల్ హాళ్లలో ఉంది. బ్రన్స్‌విక్ కంపెనీ ‘టైటిలిస్ట్’ అనే క్యూను హాళ్ల కోసం చేసేది. ఒకే ముక్క. వెనక ముదురు కొయ్య, ముందు మేపుల్, రెండూ ఒకదానిలో ఒకటి కోరల్లా దిగి జిగురుతో అతుక్కుని ఉండేవి. ఆ కోరలే మనం ఇప్పుడు మొనలు అంటున్నవి. షికాగోలో హెర్మన్ రాంబో అనే పనివాడు ఇలాంటి కొయ్యను తీసుకుని మధ్యకు కోసి, మర బిగించి, ఆటగాడి చేతికి తగ్గట్టు తిరిగి లేత్ మీద, అంటే కొయ్యను తిప్పుతూ చెక్కే యంత్రం మీద, తిప్పి రెండు ముక్కల క్యూగా ఇచ్చేవాడు. బిలియర్డ్స్‌లో దశాబ్దాల పాటు చాంపియన్‌గా ఉన్న విల్లీ హాపీ ఆయన చేసిన క్యూలతో ఆడాడు. బట్ చివర కనిపించే ఆ తెల్లని వలయాన్ని ఇప్పటికీ హాపీ వలయం అనే పిలుస్తారు.

తర్వాతి పేరు మీలో చాలామంది విన్నదే, జార్జ్ బాలబుష్క. 1912లో రష్యాలో పుట్టాడు, 1924లో అమెరికా వచ్చాడు, న్యూయార్క్‌లో వడ్రంగి పని చేశాడు. 1959 ప్రాంతంలో మిత్రుల కోసం క్యూలు చేయడం మొదలుపెట్టాడు. 1975లో చనిపోయే నాటికి చేసినవి వెయ్యికి కాస్త అటూ ఇటూ అని అంచనా. ఆయన్ని క్యూల లోకపు స్ట్రాడివేరియస్ అంటారు, వయొలిన్ల తయారీలో మేటి అయిన ఆ పనివాడి పేరుతో. 1986లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రం ఆయన పేరును ఆట తెలియనివాళ్ల దాకా చేర్చింది. ఆ చిత్రంలో బాలబుష్క అని చూపించిన క్యూ మాత్రం జాస్ కంపెనీ ఆ తీరులో చేసినది. అసలుది ఆడుతూ ఆడుతూ పాడవకూడదు కదా. అంతటి విలువ అప్పటికే దానికి వచ్చేసింది.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త ఆగాలి. బాలబుష్క మొదట్లో తన మొనలను తాను కోయలేదు. టైటిలిస్ట్ క్యూలనే కొని, కోసి, మార్చి చేశాడు. తర్వాత షికాగోలో ఉన్న బర్టన్ స్పెయిన్ దగ్గర అతుకు పెట్టిన కొయ్యలు తెప్పించుకున్నాడు. ఆ తర్వాత పెన్సిల్వేనియాకు చెందిన గస్ జాంబోటీ ఆయనకు కొయ్యలు చేసి ఇచ్చాడు. మనం ఈరోజు ‘బాలబుష్క తీరు’ అని చేతులు జోడించే ఆ నాలుగు మొనలు, ఆ పొరలు ఒక మనిషి ఒక రాత్రి కలగని గీసిన చిత్రం కాదు. ఆ రోజుల్లో దొరికిన కొయ్య ఎలా ఉందో అలా వచ్చాయి. ఆయన గొప్పతనం వేరే చోట ఉంది. ఆ కొయ్య కొసవైపు సన్నబడే ఏటవాలులో, జాయింటు బిగింపులో, ఎక్కడ ఎంత పొదగాలో తెలిసిన కంటిలో ఉంది. దాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. సంప్రదాయం అని మనం పిలిచేదానిలో కొంత భాగం కొయ్య పెట్టిన షరతు, కొంత భాగం ఆనాటి సరుకు, కొంత భాగం మాత్రమే ఎవరో ఒకరి అభిరుచి. చేయించుకునేవాడికి ఈ మూడింటినీ విడదీసి చూడటం రావాలి. అది రాకపోతే మార్చకూడనిదాన్ని మారుస్తాడు, ధైర్యంగా మార్చుకోవలసినదాన్ని పట్టుకుని వేలాడతాడు. నేను రెండూ చేశాను.

ముందు కొయ్య పెట్టిన షరతు. మొన అంటే బొమ్మ కాదు, అతుకు. రెండు కొయ్యలను అడ్డంగా కోసి కొసకు కొస అతికిస్తే జిగురు నిలవదు. వడ్రంగి పని చేసిన ఎవరినడిగినా చెబుతారు. పొడవాటి ఏటవాలులో ఒకదానిలోకి ఒకటి దించితే జిగురు పట్టే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బంతిని కొట్టిన ప్రతిసారీ వచ్చే దెబ్బను అది తట్టుకుంటుంది. నాలుగు అన్న లెక్క కూడా కొయ్య నుంచే వచ్చింది. చదరపు బద్దకు నాలుగు ముఖాలు. నాలుగు వైపుల నుంచీ కోయడం తేలిక, సమంగా రావడం తేలిక.

ఇలా రెండు కొయ్యలు పూర్తిగా ఒకదానిలోకి ఒకటి దిగితే దాన్ని ఫుల్ స్ప్లైస్ అంటారు. ఇంకో పద్ధతి ఉంది. ఫోర్‌ఆర్మ్ కొయ్యలో నాలుగు ‘వి’ ఆకారపు గాడులు తీసి, వాటిలో వేరే కొయ్య ముక్కలు జిగురుతో కూర్చి, ఆ ఫోర్‌ఆర్మ్‌ను పిడి కొయ్యకు మరతో బిగిస్తారు. ఇది హాఫ్ స్ప్లైస్. ఇందులో ఫోర్‌ఆర్మ్ పిడితో కలిసే గీత సరిగ్గా ర్యాప్ మొదలయ్యే చోట పడుతుంది. అక్కడొక వలయం వస్తుంది. ఆ వలయం అందంగా ఉంటుంది, నిజమే. కానీ అది ఉన్నది ముందు ఆ గీతను ముగించడానికి. అలాగే ర్యాప్ చెమట పీల్చడానికి, చెయ్యి జారకుండా ఉండటానికి వచ్చింది. ఈ కారణాలు తెలియనివాడు వలయాలను నగల్లా లెక్కపెడతాడు.

ఇప్పుడు ఈ ఎడమవైపు క్యూను చేతిలోకి తీసుకుంటున్నాను. ముందు వరుసలో ఉన్నవాళ్లకు కనిపిస్తుంది. ఈ నల్ల మొన చూడండి. ఎబొనీ అనే కొయ్య. దాని రెండు అంచుల్లో మొదట తెల్లని పొర, దాని బయట ఆకుపచ్చ పొర. ఒక్కో పొర కాగితపు అట్ట అంత మందం ఉంటుందేమో. మొన కొసకు వచ్చేసరికి ఎడమ అంచున వచ్చిన తెల్ల పొర, కుడి అంచున వచ్చిన తెల్ల పొర ఒకదానికొకటి ఎదురై ఒకే ఒక గీత మీద కలుస్తాయి. ఆకుపచ్చ పొరలు కూడా అంతే, దాని పైన. ఆ కలిసే గీత సూటిగా మొన నడినెత్తిన పడాలి. భూతద్దం పెట్టి చూస్తే అక్కడ నల్లని జిగురు చార కనిపించకూడదు. కొస సూదిలా ముగియాలి.

నాలుగు మొనలూ ఒకే ఎత్తులో ఆగాలన్నది రెండో మాట. ఇది ఎంత కష్టమో చిన్న లెక్కతో చెబుతాను. గాడి సుమారు 12 అంగుళాల పొడవున పైకి వస్తూ, లోతు తగ్గుతూ కొయ్య ఉపరితలం దగ్గర మాయమవుతుంది. ఆ పొడవుకు లోతు అర అంగుళం అనుకోండి. అంటే 24కు 1. గాడి లోతులో పదో వంతు మిల్లీమీటరు తేడా వస్తే, మొన కొస దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. వెంట్రుక మందం తప్పు వేలి గోటి కొలతలో బయటపడుతుంది. కొయ్యను లేత్‌కు బిగించినప్పుడు మధ్య బిందువు కాస్త పక్కకు పోయినా అంతే. ఒక వైపు మొన పెరుగుతుంది, ఎదుటి వైపుది తగ్గుతుంది. అందుకే తెలిసినవాళ్లు క్యూ చేతికి రాగానే తిప్పి మొనల కొసలు చూస్తారు. మిగతా అలంకారమంతా దాచగలిగిన తప్పును మొన దాచలేదు.

అయితే పాత క్యూల్లో మొనలు ఎగుడుదిగుడుగా ఉన్నవి చాలానే ఉన్నాయి. పూల్ హాళ్ల క్యూల్లో మరీను. వాటిని నేను ఇష్టంగా చూస్తాను. సమానంగా రావాలన్న పట్టుదల యంత్రాలు మెరుగైన కొద్దీ పెరిగింది. సమానమైన మొనలు మంచి పనికి గుర్తే. కానీ అవి ఉన్నంతమాత్రాన క్యూ బాగా ఆడుతుందని కాదు. ఈ రెండు మాటలనూ కలిపేసేవాళ్లు ఎక్కువ.

ఇక రంగుల సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, నేను అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నదీ ఇదే. మొదటి క్యూ చేయించుకున్నప్పుడు నేను కొయ్యల నమూనాలు చూసి పర్పుల్‌హార్ట్ అనే కొయ్య మీద మనసు పడ్డాను. పేరుకు తగ్గట్టే ఊదా రంగు, గాఢంగా, వెలుగుతున్నట్టు. మొనల చుట్టూ అదే కావాలన్నాను. పక్కన పడౌక్ పెట్టమన్నాను. అది కోసిన కొత్తలో మండే నారింజ ఎరుపు. చేసే మనిషి ఒక్కసారి నన్ను వారించాడు. “ఐదేళ్ల తర్వాత ఈ క్యూ ఎలా ఉంటుందో ఆలోచించావా?” అని అడిగాడు. కొయ్యకు వయసు వస్తుందని నాకు తెలియదు. కావాలన్నాను. చేశాడు.

చూడండి ఇప్పుడు. ఊదా ఏదీ? ఎరుపు ఏదీ? రెండూ గోధుమ రంగుకు తిరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వెలుతురు సోకిన కొయ్య రంగు మారుతుంది. పర్పుల్‌హార్ట్, పడౌక్ గోధుమ వైపు పోతాయి. కోకోబోలో ముదురుతుంది. తెల్లని మేపుల్ తేనె రంగుకు దిగుతుంది. రంగు వేసిన పొరలు ఏళ్లు గడిచిన కొద్దీ వెలిసిపోతాయి. పైన పూసిన వార్నిషు కూడా పసుపెక్కవచ్చు. ఎనిమిది మొనలు, వాటి మధ్య రెండేసి రంగులు అని నేను పెట్టిన లెక్క మొత్తం ఆ రెండు రంగుల తేడా మీద నిలబడింది. తేడా పోయాక మొనలు ఎక్కడ ముగిశాయో, పొర ఎక్కడ మొదలైందో దగ్గరగా చూస్తే తప్ప తెలియడం లేదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. 1960ల నాటి క్యూల్లో నారింజ, ఆకుపచ్చ పొరలు తరచుగా కనిపిస్తాయి. ఇప్పుడు మనం వాటిని చూసి “ఎంత నిండుగా, ఎంత అణకువగా ఉన్నాయో” అంటాం. తేనె రంగు మేపుల్, మీగడ రంగుకు తిరిగిన తెల్లపొర, మందగించిన నారింజ. కానీ చేసిన రోజున ఆ మేపుల్ తెల్లగా ఉంది, ఆ నారింజ నిజంగా నారింజే, ఆ ఆకుపచ్చ లేత చిగురంత పచ్చ. ఆ రోజున అది అణకువ కాదు, పూల్ హాలు దీపాల కింద దూరం నుంచి కనిపించాలని చేసిన పని. దాన్ని అణకువగా మార్చింది అరవై ఏళ్ల కాలం. ఇప్పుడు కొందరు కొత్త మేపుల్‌కు ముందే రంగు పూసి, పొరలను ముందే వెలిసిన రంగుల్లో తెప్పించుకుని పాత తీరు అని చేయించుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టను, ఆ రంగులు అందమైనవే. కానీ ఆ పాత పనివాళ్లను నిజంగా అనుసరించాలనుకునేవాడు వాళ్ల రంగుల ధైర్యాన్ని అనుసరించాలి. రంగుల విషయంలో సంప్రదాయం మనకు అనుమతి ఇచ్చింది. మనమే దాన్ని ఆంక్షగా చదువుకున్నాం.

కాబట్టి నా ఊదా తప్పు కాదు. ఆ కొయ్యకు రాబోయే రంగు తెలుసుకోకుండా అడగడం తప్పు. ఈ రెండో క్యూలో ఆకుపచ్చ పెట్టించుకున్నాను, అదీ కాస్త ఎక్కువ గాఢమైన ఆకుపచ్చే. పదేళ్లకు కాస్త తగ్గినా నల్లకు, తెల్లకు నడుమ తన చోటు తాను నిలుపుకుంటుందని లెక్కవేసుకుని పెట్టించుకున్నాను.

మొదటి దానితో ఆడకపోవడానికి రంగు ఒక్కటే కారణం కాదు. బరువు అసలు కారణం. ఫోర్‌ఆర్మ్ మొత్తం ఎబొనీ కావాలన్నాను. ఎబొనీ చేవదేరిన కొయ్య, మేపుల్ కంటే చాలా బరువు. పైగా వెండి వలయాలు. క్యూ తూకం మామూలుగా వెనక కొస నుంచి 18, 19 అంగుళాల దగ్గర నిలుస్తుంది. నాది దానికి బాగా ముందుకు జరిగింది. మెల్లగా కొట్టవలసిన చోట క్యూ తనంతట తాను ముందుకు దిగుతున్నట్టు ఉంటుంది. ఇది అందరికీ లోపం కాదు. ముందు బరువు ఇష్టపడే ఆటగాళ్లు ఉన్నారు. నాకది సరిపడదని నాకు తెలుసు. తెలిసి కూడా నలుపు కోసం దాన్ని మరిచాను.

కొట్టినప్పుడు చేతికి వచ్చే అనుభూతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే క్యూల గురించి మాట్లాడుకునేటప్పుడు సగం మాటలు దాని గురించే ఉంటాయి. టిప్పు బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. మన చెయ్యి ఆ దెబ్బను గుర్తించే లోపే బంతి వెళ్లిపోయింది. మనకు తెలిసేది ఆ తర్వాత కొయ్యలో మిగిలిన కంపనం. బంతిని నడిమధ్యన కాక కాస్త పక్కగా కొట్టినప్పుడు అది గురి తప్పి ఎంత జరుగుతుందన్నది ఎక్కువగా షాఫ్ట్ ముందు కొసలో ఎంత బరువుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ముందు భాగాన్ని తేలిక చేసిన షాఫ్టులు ఇప్పుడు ఇంతగా వాడుకలోకి వచ్చాయి. బట్‌లోని మొనల సంఖ్యకు ఆ గురితో పనిలేదు. కానీ అనుభూతి అబద్ధమని నేను అనను. స్టీలు జాయింటు ఒకలా పలుకుతుంది, కొయ్యకు కొయ్య ఒరిసేలా బిగించిన జాయింటు ఇంకోలా పలుకుతుంది. బాలబుష్క వాడినది మొదటిది. లాస్ వేగస్‌లో జెర్రీ ఫ్రాంక్లిన్ మొదలుపెట్టిన సౌత్‌వెస్ట్ క్యూలది రెండో దారి. పెద్ద మర, చదునైన ముఖాలు. ఆడేవాడు ఆ పలుకును నమ్మి తన చేతిని దిద్దుకుంటాడు. నమ్మకం కుదిరిన క్యూతో నిలకడగా ఆడతాడు. అది చిన్న విషయం కాదు.

సౌత్‌వెస్ట్ పేరు వచ్చింది కనుక ఆరు మొనల గురించి. నాలుగే సంప్రదాయం అనుకుంటున్న కాలంలో వాళ్లు ఆరు మొనలను తమ గుర్తుగా చేసుకున్నారు. ఎవరికీ అది అతిగా అనిపించలేదు. ఎందుకు? మొనలు సన్నబడ్డాయి, పొరల అమరిక సాదాగా ఉంది, ముత్యపు చిప్పల హడావుడి లేదు. ఒకటి పెంచినప్పుడు ఇంకొకటి తగ్గించారు. నా ఎనిమిది మొనల క్యూలో నేను తగ్గించినది ఏదీ లేదు.

ఇప్పుడు మీలో ఒకరు ఇందాక బయట అడిగిన ప్రశ్న. కంప్యూటర్ నడిపే యంత్రంతో కోసి పొదిగిన మొనలు మొనలేనా? యంత్రపు కత్తి గుండ్రంగా తిరుగుతుంది, అందుకని అది తీసిన గాడి మూల ఎంత సన్నని కత్తి వాడినా కాస్త గుండ్రంగా మిగులుతుంది. చేతితో ఆ మూలను ఉలితో పదును చేస్తే తప్ప సూది కొస రాదు. అది బట్ పైన కొద్ది లోతు మాత్రమే ఉన్న పొదుగు, అంటే గాడిలో పొదిగిన ముక్క. కొయ్యను కలిపి ఉంచే అతుకు కాదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పొదుగు పొదుగులా ఉంటే నాకు గౌరవం. కాలిఫోర్నియాలో ఎర్నీ గుటియెర్రెజ్ జినాక్యూ పేరుతో 1960ల నుంచి చేసిన పొదుగు పని చూస్తే, అది తనను తాను మొనగా చెప్పుకోదు, నగిషీగా నిలబడుతుంది. కానీ పైపైన పొదిగి, లోపల అతుకు ఉన్నట్టు కనిపించాలని చేసిన మొన నాకు నచ్చదు. చేసినవాడు అది పొదుగని ముందే చెప్పి అమ్మితే మోసం లేదు. నచ్చకపోవడం మాత్రం అలాగే ఉంటుంది. అది నా అభిరుచి. మీది వేరు కావచ్చు.

వస్తువుల విషయంలో అభిరుచికి చోటు లేని హద్దులూ ఉన్నాయి. పాత క్యూల్లో ఫెరూళ్లు, జాయింటు తొడుగులు, బట్ క్యాపులు దంతంతో చేసేవాళ్లు. ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లో నిషేధించారు. అమెరికా 2016లో తన దేశంలోపలి వ్యాపారాన్ని కూడా దాదాపు పూర్తిగా ఆపింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ కొయ్య 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపారాన్ని అడ్డుకునే అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. ఆ చెట్టు మిగలాలంటే అది తప్పదు. దంతం లేకుండా సంప్రదాయ క్యూ ఎలా అని వాపోయేవాళ్లను విన్నాను. దంతం తెల్లదనం కోసం, గట్టిదనం కోసం వచ్చింది. ఈ రెండు పనులూ ఇప్పటి రెసిన్ పదార్థాలు చేస్తున్నాయి, పొడి గాలికి పగలకుండా మరీ చేస్తున్నాయి. నా రెండో క్యూలో తెల్లగా కనిపిస్తున్నదంతా అదే. ఇక్కడ నా మనసులో ఏ సందిగ్ధమూ లేదు.

చివరగా, చేయించుకోబోతున్నవాళ్లకు. పనివాడి దగ్గరికి పోయేటప్పుడు బొమ్మల కట్ట పట్టుకుపోకండి. మీరు ఎలా నిలబడతారు, వెనక చెయ్యి ఎక్కడ పడుతుంది, ఇప్పుడు ఆడుతున్న క్యూలో ఏది ఇబ్బంది అన్నది చెప్పండి. ఏటవాలు, తూకం, జాయింటు ముందు తేల్చుకోండి. కొయ్య ఎన్నేళ్లుగా ఆరుతోందో అడగండి. మంచి పనివాళ్లు షాఫ్ట్‌ను లేత్ మీద ఒక్క రోజులో చెక్కేయరు. కొద్దిగా తీసి, నెలల తరబడి వదిలి, వంకర పోయినదాన్ని పక్కన పారేసి, మిగిలినదాన్ని మళ్లీ కొద్దిగా తీస్తారు. ఆలస్యమవుతోందని తొందర పెడితే ఆ విరామాలకే కోత పడుతుంది.

ఆ తర్వాతే అలంకారం. అందులో కూడా ఒక్కటి ఎంచుకుని దాన్ని నాలుగు చోట్ల పలికించమనండి. ఈ ఎడమవైపు దానిలో జాయింటు దగ్గర ఉన్న సన్నని వలయం, ర్యాప్ పైన, కింద, బట్ క్యాప్ దగ్గర మళ్లీ కనిపిస్తుంది. మొన చుట్టూ ఉన్న తెలుపు, ఆకుపచ్చలే స్లీవ్ మీద చిన్న కిటికీల చట్రాల్లో వచ్చాయి. పైన విన్న రాగమే కింద మళ్లీ వింటున్నట్టు ఉంటుంది. ఆ ఆకుపచ్చ నా ఇష్టం. దాన్ని ఎక్కడ, ఎంత మందంలో పెట్టాలన్నది క్యూ చేసినాయన నిర్ణయం. పొర ఇంకా కాస్త వెడల్పుగా కావాలని నేను అడిగితే, మొన కొస దగ్గర పొరలు రెండూ కలిసి మొద్దుగా కనిపిస్తుందని ఒప్పుకోలేదు. కాగితం మీద గీసి చూపించాడు. నిజమే. ఒప్పుకున్నాను.

ఈ రెండింటినీ ఇప్పుడు మీ మధ్యకు పంపిస్తున్నాను. ర్యాప్ దగ్గర పట్టుకోండి, షాఫ్ట్ మీద చేతి చెమట అంటనివ్వకండి. మొదటిదాన్ని కూడా తప్పకుండా చూడండి, అందులో పనితనానికి ఏ లోటూ లేదు. ముందు మొన కొసలు చూడండి, తర్వాత ఒక వేలి మీద నిలిపి ఎక్కడ తూగుతుందో చూడండి. ప్రశ్నలు ఆ తర్వాత అడగండి.